మూడు యూనిఫాంలు

"రేడియేటర్ నీ ఒక్కదానిదేనా అమ్మా?"

తడి చొక్కా పట్టుకుని వంటగది గుమ్మంలో నిలబడ్డాడు కీరన్. రేడియేటర్ మీద అప్పటికే మూడు బట్టలు ఆరుతున్నాయి. బడి ముందు పిల్లల్ని రోడ్డు దాటించేటప్పుడు వేసుకునే మెరిసే పసుపు కోటు, మధ్యాహ్నం అదే బడి వంటింట్లో వేసుకునే తెల్ల గౌను, సాయంత్రం చేపలు, చిప్స్ కొట్లో వేసుకునే నీలం చొక్కా. మూడూ అమ్మ గ్లెండావే.

"ముందు ఉతుక్కున్నవాళ్లకే చోటు," అందావిడ బంగాళాదుంపల తొక్క తీస్తూ.

"రేపు పొద్దున్నే నా షిఫ్టు. తడి చొక్కాతో పొమ్మంటావా?"

"పో. గోదాములో నిన్ను చూసేవి అట్టపెట్టెలేగా."

కీరన్ పసుపు కోటు తీసి కుర్చీ మీద పడేశాడు. గ్లెండా చేతులు తుడుచుకుని వచ్చి, దాన్ని మళ్లీ రేడియేటర్ మీదే పరిచి, సాపు చేసి మరీ వెళ్లింది. అరవై ఏళ్ల మనిషితో కోటు కోసం పెనుగులాడలేక అతను చొక్కాని కుర్చీకే తగిలించాడు.

అతని కోపం చోటు గురించి కాదు. తండ్రి ఇక్కడే గ్రిమ్స్‌బీ రేవులో పనిచేసేవాడు, చనిపోయి కొన్నేళ్లయింది. ఆయన పెన్షన్ అమ్మ తిండికీ బట్టకీ సరిపోతుంది. అయినా ఆవిడ సెప్టెంబరులో ఒకేసారి మూడు పనుల్లో చేరింది. ఎవరికోసమో అడగక్కర్లేదు. అతని భార్య మారిసెల్ ఇంకా ఫిలిప్పీన్స్‌లోనే ఉంది.

భార్యను తెచ్చుకోవాలంటే భర్త సంపాదన సర్కారు గీసిన గీత దాటాలి. గోదాము జీతం ఒక్కటే చాల్లేదు. అందుకని శని, ఆదివారాలు రాత్రిపూట బింగో హాల్లో కాపలాకి కుదిరాడు. రెండు జీతాలూ కలిపి చూపించుకోవచ్చు. కాకపోతే చూపించే ప్రతి పనిలోనూ ఆర్నెల్లు నిలకడగా ఉండాలి. అతనికి ఆర్నెల్లూ నిండాయి, అక్టోబరులో వీసా అప్లికేషన్ కూడా వెళ్లింది. అమ్మ మాత్రం ఆగలేదు.

"నీ జీతం నా లెక్కలో కలవదమ్మా. ఎన్నిసార్లు చెప్పాలి?" అనేవాడు.

"తెలుసు."

"తెలిస్తే మరి ఎందుకీ చాకిరీ?"

"ముందు నీ పని కానీ."

నవంబరులో ఒళ్లు కాలిపోతున్నా కొట్టుకి బయల్దేరింది. కీరన్ తలుపుకి అడ్డం నిలబడ్డాడు.

"ఆర్నెల్లలోపు మానకూడదన్నావుగా?" అంది మఫ్లర్ చుట్టుకుంటూ.

"అది నాకమ్మా, నీకు కాదు!"

ఆవిడ నవ్వి, అతని చంక కింద నుంచి దూరి వెళ్లిపోయింది.

ఫోన్లో మారిసెల్‌తో మొరపెట్టుకుంటే ఆమె కూడా నవ్వింది. "అత్తయ్యని ఆపకు బావా. నీ మాట వినదు."

మారిసెల్ వాళ్ల ఊరంటే గ్లెండాకి అంత ఇష్టం. వీళ్ల పెళ్లికి వెళ్లినప్పుడు అక్కడ చర్చి మెట్ల మీద కాలు మడత పడి, మారిసెల్ మేనమామ రొడెల్ ఇంట్లో నెల రోజులు ఉండిపోయింది. రొడెల్ బడిపంతులు, భార్య పోయిన మనిషి. ఇంటినిండా అక్కచెల్లెళ్లు, పిల్లలు. పోయిన ఆగస్టులో ఆ ఊరి చర్చి పండక్కి పిలిస్తే మళ్లీ వెళ్లొచ్చింది. అప్పట్నుంచి రొడెల్ నెలనెలా ఎండు మామిడి ముక్కలు పంపుతూనే ఉన్నాడు.

"పోస్టు ఖర్చులకైనా వెనకాడడేం, ఆ పెద్దాయన?" అనేవాడు కీరన్.

"ఇక్కడ అలాంటి మామిడి దొరకదని, పాపం," అనేది గ్లెండా.

క్రిస్మస్‌కి కొత్త మంచం వచ్చింది, ఇద్దరు పట్టేది. కీరన్ మొహమాటపడుతూ దాన్ని తన గదిలోకి జరపబోయాడు.

"ఏయ్, అది నాది. నీ పాత మంచం బానే ఉందిగా," అంది గ్లెండా.

రోజంతా నిలబడి నిలబడి నడుం పడిపోయిందేమో అనుకున్నాడతను. వీసా రాగానే అమ్మ చేత పనులన్నీ మాన్పించాలని ఆ రోజే గట్టిగా నిశ్చయించుకున్నాడు.

జనవరి చివర్లో, రేడియేటర్ గొడవైన ఆ ఆదివారమే, మధ్యాహ్నం భోజనాల బల్ల మీద గొడ్డుమాంసం రోస్టు, యార్క్‌షైర్ పుడ్డింగులు, గ్రేవీ పెట్టుకుని కూర్చున్నారు. గ్రేవీ జగ్గుకి ఆనించిన ఫోన్లో మారిసెల్ ఉంది.

కీరన్ ఫోర్కు కింద పెట్టాడు. "అమ్మా, నిన్న మారిసెల్‌కి వీసా వచ్చింది."

గ్లెండా లేచి వచ్చి అతని తల రెండు చేతుల్లోకి తీసుకుని నెత్తిన ముద్దు పెట్టింది. ఫోన్లో మారిసెల్‌కీ పెట్టింది. తెర మీద గ్రేవీ అంటుకుంది.

"ఇంకోటి కూడా ఉంది," అన్నాడు కీరన్ తుడుస్తూ. "రేపట్నుంచి నువ్వు ఏ పనికీ వెళ్లవు. చాలు, నాకోసం పడ్డ పాట్లు. చిప్స్ కొట్టు యజమాని కోస్టాస్‌కి పొద్దున నేనే ఫోన్ చేసి చెప్పేశాను, మా అమ్మ ఇక రాదని."

గ్లెండా అతని భుజం పట్టుకుని ఊపింది.

"ఏం చేశావురా? ఇప్పుడే ఫోన్ చెయ్యి. వస్తానని చెప్పు."

"అమ్మా..."

"చెయ్యరా! ఐదు వారాల్లో నా ఆర్నెల్లూ నిండుతుంటే, ఇప్పుడు మాన్పిస్తావా?"

"నిండితే ఏంటి, నిండకపోతే ఏంటి? మారిసెల్ వచ్చేస్తోందిగా!"

ఫోన్లో మారిసెల్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. గ్లెండా కుర్చీలో కూలబడి, రొడెల్ పంపిన సంచీలోంచి ఒక మామిడి ముక్క తీసింది. తినలేదు, వేళ్ల మధ్య తిప్పుతూ ఉండిపోయింది.

"మరి మా ఆయన్ని ఎవరు తీసుకొస్తార్రా?"