తలకిందుల చేప

"ఏమే స్రవంతీ, ఆ చేపను తలకిందులు పెట్టినవేందే?"

మంచం మీది నుంచి అత్త జములమ్మ గొంతు ఖంగుమంది. హాలు నిండా పరచిన గుడ్డల మధ్య గొంతుక్కూర్చున్న స్రవంతి తలెత్తలేదు.

"బొంత అన్నంక ఇటు దిక్కు నుంచి జూస్తరు, అటు దిక్కు నుంచి జూస్తరు అత్తమ్మా. ఒక బొమ్మ ఇట్ల, ఒకటి అట్ల ఉంటేనే అందం."

"ఏం అందమే? కడుపు మీదికి పెట్టి చచ్చి తేలినట్టున్నది. తిప్పు దాన్ని."

స్రవంతి తిప్పలేదు. వారం నుంచి ఇదే పంచాయితీ. మొగుడితో పాటు గద్వాల చీరలు మూటగట్టుకుని ఊరూరా ఎగ్జిబిషన్లకు తిరిగిన రోజుల్లో, పక్క స్టాళ్లలో మనసుపడి కొనుక్కున్న బాతిక్ అద్దకం గుడ్డలవి. కలకత్తా చేప, ఉజ్జయిని ఏనుగు, భుజ్‌లో దొరికిన ఎర్రటి సూర్యుడు. ఒక్కో బొమ్మా అన్నం పళ్లెమంత. అన్నీ కలిపి ఒక బొంత కుట్టుకుందామని ఆమె ఆశ. కానీ ఏ తీరుగా పేర్చినా మంచం ఒప్పుకోదే! చిన్న గడులుగా కోద్దామంటే, "ఏనుగుకు తొండం ఒకకాడ, తోక ఒకకాడ అయితది" అంది. పొడుగు పట్టీలంటే, "దర్జీ దుకాణంల ఊడ్చిన పీలికల లెక్క ఉంటది" అంది. మూడుమూలల ముక్కలంటే సూర్యుడి నెత్తి ఎగిరిపోతుందంది. సరే, బొమ్మ తెగకుండా పెద్ద పెద్ద చదరాలే పెట్టి, మధ్యన నల్లపట్టీ వేద్దామని స్రవంతి తేల్చుకునే సరికి ఇదిగో, ఈ చేప గొడవ.

నిజానికి ఇవాళ్టి గొడవ చేపది కాదు. చీరల పని మీద హైదరాబాదు వెళ్లిన మొగుడు శివశంకర్ పొద్దున ఫోన్ చేశాడు.

"భువనేశ్వర్‌ల పెద్ద ఎగ్జిబిషన్ ఉన్నది. నువ్వు గూడ వస్తవా? సాయంత్రం లోపల చెప్పు, టికెట్లు తీస్త."

స్రవంతి గుండె ఎగిరి గంతేసింది. మంచం మాత్రం ఊరుకుంటుందా?

"పో బిడ్డా, పో. మీరిద్దరు ఊర్లు తిరుగున్రి. నేను గోడలతోని ముచ్చట పెట్టుకుంట. మంచినీళ్లు అందకుంటే నాలుక పిడచగట్టి చస్త, అంతే గద!"

కిందటి వానాకాలం వాకిట్లో జారిపడి జములమ్మ కాలు విరిగింది. కట్టు విప్పి ఎన్నో నెలలైంది. "ఇక నడవాలమ్మా" అన్నాడు దవాఖానలో డాక్టరు. "పాదం మోపితే పానం పోతున్నది సారూ" అని మూలిగింది. అంతే, మళ్లీ మంచం దిగితే ఒట్టు. ముఖం కడిగించడం దగ్గర నుంచి కాళ్లు ఒత్తడం దాకా అన్నీ స్రవంతే. కాలు విరిగింది అత్తకు, కట్టు పడింది కోడలికి. పక్కింటి పేరంటానికి వెళ్లినా, వెళ్లిన కాళ్ల మీదే తిరిగి రావాలి.

"నల్లదారం అయిపోయింది. దుకాణానికి పోయొస్త అత్తమ్మా" అంటూ లేచింది.

"తాళమేసి పో. కుక్క జొరబడితే అదిలించనీకె గూడ లేవలేను. మరి ఆ చేప?"

"ఉండనీ గట్లనే."

"నలభై ఏండ్లు మగ్గం కాడ గూసున్న కండ్లే ఇవి! జర వంకరుంటే సూదులతోని పొడిసినట్టైతది నాకు."

"అయితే మూసుకో" అని మనసులోనే అనుకుని, బయటి నుంచి తాళం వేసి, చెవి కొంగున ముడేసుకుంది స్రవంతి. ఆ ఇంటికి ఇంకో వాకిలి లేదు.

దారం కొని వస్తుంటే హైదరాబాదు బస్సు ఎదురొచ్చింది. కిటికీ పక్కన ఒకామె పల్లీలు ఒలుచుకు తింటూ దర్జాగా పోతోంది. నడిరోడ్డు మీద స్రవంతికి ఏడుపు తన్నుకొచ్చింది. ఏం చేస్తాం, మన నసీబే ఇంత, రానని చెప్పేద్దాం అనుకుంటూ ఇల్లు చేరి తాళం తీసింది.

జములమ్మ గోడవైపు తిరిగి, దుప్పటి ముసుగు పెట్టి గురక పెడుతోంది. ఇంతలో ఫోన్ మోగింది.

"ఏమాయె స్రవంతీ? అమ్మను ఇడిసి రాలేవు గద? నాకొక్కనికే టికెట్ తీస్తున్న."

"ఆఁ, ఒక్కటే..." అనబోయి కిందికి చూసింది.

హాలుకు ఆ చివర, మంచానికి అందనంత దూరంలో ఉన్న చేప తిరిగి ఉంది. రెక్క పైకి, కడుపు కిందికి, ఏటికి ఎదురీదుతున్నట్టు నిక్షేపంగా ఉంది. పక్కనున్న ఏనుగును కూడా దాని అంచుకు సరిగ్గా కలిపి పెట్టారు. తాళంచెవి ఇంకా స్రవంతి చేతిలోనే ఉంది. ఇంట్లో ఉన్నది అత్తమ్మ ఒక్కతే.

ఒళ్లు భగ్గున మండింది. మంచం వైపు విసురుగా తిరిగింది. దుప్పట్లోంచి బయటికొచ్చిన అత్తమ్మ అరికాలికి ఎర్రటి దారప్పోగు ఒకటి అంటుకుని ఉంది. గురక టక్కున ఆగింది. ఆ పాదం మెల్లగా దుప్పట్లోకి ముడుచుకుంటుంటే, ఎంత ఆపుకున్నా ఆగక నవ్వొచ్చింది స్రవంతికి.

"హలో! ఇనవడ్తుందా? ఒక్కటే గద?"

"మూడు తియ్యి" అంది స్రవంతి, మంచానికి వినబడేట్టు గట్టిగా. "అత్తమ్మ గూడ వస్తది, నడుసుకుంట!"