ఆదివారం సెంటు

“బంద్ అయిపోయింది దీదీ. కంపెనీవాడే తియ్యడం మానేశాడు,” అన్నాడు మార్టిన్, ఖాళీ సీసాని వెలుతురుకి ఎత్తి చూస్తూ.

వైశాలి నగర్‌లో సెంట్ల కొట్టు అతనిది. భిలాయ్‌లోనే పుట్టి పెరిగిన తెలుగువాడు, మాటలో సగం హిందీ దొర్లుతుంది. సీసా మీది అక్షరాలు కూడబలుక్కుని చదివాడు. మల్లెలు ఈజిప్టువట, రోజాలు మొరాకోవట, ఇలాంగ్ పూలు మడగాస్కర్‌వట.

“ఆఫ్రికా అంతా ఇందులోనే ఉందే! ఎవరు తెచ్చారు?”

“మా ఆయన అక్కడ స్టీలు ఫ్యాక్టరీలో కొన్నాళ్ళు చేశారు. వచ్చేటప్పుడు పెళ్ళాం కోసమని అరడజను సీసాలు తెచ్చారు. ఇదే ఆఖరిది,” అంది గౌరీదేవి.

కొట్టు పెట్టుకున్నవాడు లేదని ఊరికే పంపించడు కదా, మార్టిన్ ఇంకో సీసా తీశాడు.

“మనోరంజితం పట్టుకెళ్ళండి. ఇంచుమించు అదే. ఎవరికీ ఫరక్ తెలీదు.”

“ఆయనకి తెలుస్తాది భయ్యా. కళ్ళు షుగరు తినేసింది. చెవులు మిల్లు రొదకి ఎప్పుడో మొద్దుబారాయి. మనిషిని ఆనవాలు పట్టడానికి ముక్కొక్కటే మిగిలింది.”

“మీ నాన్నగారా?”

గౌరి ఒక్క క్షణం ఆగి తలూపింది. సీసా మాత్రం తీసుకోలేదు.

ఇంటికొచ్చేసరికి భర్త కౌండిన్య గుమ్మంలోనే ఉన్నాడు.

“ఏటి, మళ్ళీ బజారంతా తిరిగొచ్చేవా? అయిపోతే అయిపోయింది. మావయ్యకి నేను చెప్తాను.”

“మీరేటీ చెప్పొద్దు. ఆ వాసన కోసం ఆదివారం పొద్దున్నే స్నానం చేసి కూర్చుంటాడా మనిషి. అది లేకుండా నేను ఏ మొహం పెట్టుకుని వెళ్ళను?”

కౌండిన్య గుమ్మంలోంచి పక్కకి తప్పుకున్నాడు.

నిజానికి గౌరికి సెంటంటే పడదు, తలనొప్పి. మిగతా రోజుల్లో ఆ సీసా బీరువా దాటి బయటికి రాదు. ఆదివారం మాత్రం మణికట్టుకి రెండు చుక్కలు రాసుకునేది. పెద్దాయన ఆ చెయ్యి ముక్కు దగ్గర పెట్టుకుని, “వచ్చేవా అమ్మా” అనేవాడు. ఆ పిలుపు కోసం ఎంత తలనొప్పయినా ఓర్చుకునేది. అంత ఆపేక్షగా పిలిచేవాళ్ళు ఆమెకి లోకంలో ఇంకొకరు లేరు.

ఆదివారం సీసా మూత పట్టకారుతో పీకి, చెంచాడు నీళ్ళు పోసి, గిలకొట్టి రాసుకుంది. ఏదో ఉన్నట్టే అనిపించింది. ఆటో మరోదా సెక్టారు చేరేసరికి ఎండకీ చెమటకీ అదీ ఎగిరిపోయింది. పెద్దాయన ఉండే క్వార్టరు ముందు దిగి చెయ్యి వాసన చూసుకుంటే డీజిలు పొగ తప్ప ఏమీ లేదు. వెనక్కి పోదామనుకుంటూనే గేటు తీసింది.

పెద్దాయన గురునాథరావు ఇస్త్రీ చొక్కా వేసుకుని వరండాలో కూర్చున్నాడు. ఆయన్ని దగ్గరుంచుకున్న కొడుకు అప్పుడే డ్యూటీకి పోయాడు. గౌరి పక్కన కూర్చుని, భయంభయంగా చెయ్యి అందించింది.

పెద్దాయన మణికట్టుని ముక్కుకి ఆనించుకున్నాడు. ఒకసారి పీల్చాడు. మళ్ళీ పీల్చాడు. నుదురు ముడిపడింది. గౌరికి ఏడుపు తన్నుకొచ్చింది. ఇవాళ్టితో ఈ గుమ్మానికీ తనకీ చెల్లిపోయింది అనుకుంది.

“సెంటు అయిపోనాదేటి?”

గౌరి ఆయన అరచేతిని ఒకసారి నొక్కింది. వాళ్ళిద్దరి మధ్యా అవునంటే అదే.

“పోన్లే. ఇంక కొనకు. ఆ వాసనొచ్చిన రోజు నాకు రాత్రంతా నిద్దరట్టదు.”

ఆమెకి ఏమీ అర్థం కాలేదు. చెయ్యి వెనక్కి తీసుకోబోయింది. పెద్దాయన వదల్లేదు. తల తడిమి దగ్గరకి తీసుకున్నాడు.

“మా పిల్ల పోయిందనీ, అల్లుడు నిన్ను చేసుకున్నాడనీ నాకెప్పుడో తెలుసమ్మా.”