అలవాటైతది

"నేను రాను సార్."

విజయశ్రీ తల ఎత్తకుండానే చెప్పింది. కల్లంలో ఆరబోసిన పసుపు కొమ్ములను రెండు చేతులతో తిరగేస్తూనే ఉంది.

లెక్కల సారు రాజేశ్వర్ టార్పాలిన్ అంచున కూలబడ్డాడు. ఆర్మూర్ గురుకులం నుంచి దొంకేశ్వర్ దాకా బస్సులో వచ్చాడు. పరీక్ష పెట్టి, చురుకైన పిల్లలను ఏరి తీసుకునే సర్కారు బడి అది. అందులో ఎనిమిదో తరగతి సీటు తెచ్చుకున్న విజయశ్రీ, సెలవుకని ఇంటికొచ్చి తొమ్మిది రోజులైనా తిరిగి పోలేదు. పది దాటితే పేరు కొట్టేస్తారు. అందుకే ప్రిన్సిపాల్ ఆయన్ను పంపింది.

పిల్ల తండ్రి నడిపయ్య చెంబుతో నీళ్లు తెచ్చాడు. "కండ్లు ఎర్రగున్నయ్ సార్. నిద్ర లేదా?"

"తెల్లారకముందే ప్రయాణం పడ్డది," అని నీళ్లు తాగి, పిల్ల వైపు తిరిగాడు. "ఏమైందమ్మా? అన్నం మంచిగ లేదా? ఎవరన్న ఏమన్న అన్నరా?"

"ఎవ్వరేమనలే. అన్నం మంచిగనే ఉంటది."

"మరేంది?"

పిల్ల చేతులు ఆగాయి. "మా ఊరి బళ్లె నేను ఫస్టు సార్. గక్కడ ముప్పై ఎనిమిది. క్లాసుల ఉన్నదే నలభై మందిమి. మీరు బోర్డు మీద లెక్క రాయంగనే అందరు చెయ్యెత్తుతరు. నాకు ప్రశ్ననే సమజ్ కాదు. అన్నం ముందల కూసుంటే ముద్ద దిగది."

తల్లి గంగామణి కొంగుతో మొహం తుడుచుకుంది. "ఉండనియ్యుండ్రి సార్. వచ్చిన్నాడు పుల్ల లెక్కుండె. మా ఊరి బళ్లెనే చదువుకుంటది."

"నువ్వూకో," అన్నాడు నడిపయ్య. "మా ఊర్ల ఇప్పటిదాంక ఒక్కలకు రాలే గా సీటు. జర మీరన్న చెప్పుండ్రి సార్. మేం చెప్తే ఇంటలేదు."

రాజేశ్వర్ చెప్పాడు. గంటసేపు చెప్పాడు. ఈ మాటలే ఈ ఏడాది ఎన్ని కల్లాల్లో, ఎన్ని గడపల దగ్గర చెప్పాడో ఆయనకే లెక్క లేదు. రోజూ సాయంత్రం పక్కన కూర్చోబెట్టుకుని లెక్కలు నేర్పుతానన్నాడు. ఇక్కడ ఆగిపోతే ముందు ముందు ఏమవుతుందో చెప్పాడు. అందరూ మొదట్లో ఇట్లాగే బెంగపడతారన్నాడు. "అలవాటైతది బిడ్డా," అన్నాడు చివరికి, గొంతు బొంగురుపోయాక.

పిల్ల లేచి బోరింగు దగ్గర చేతులు కడుక్కుంది. పసుపు పోలేదు.

గంగామణి సంచి సర్ది కూతురి చేతికిచ్చి ఇంట్లోకి వెళ్లిపోయింది. మళ్లీ బయటికి రాలేదు. నడిపయ్య ఒక్కడే బస్సు దాకా వచ్చాడు.

బస్సు కదిలాక చాలాసేపు విజయశ్రీ కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. తర్వాత అడిగింది.

"సార్, మీకు పిల్లలున్నరా?"

"ఒక్కడే కొడుకు. నీ ఈడోడే."

"ఇంట్లనే ఉంటడా?"

ఆయన ముందు సీటు కడ్డీని పట్టుకున్నాడు. "హాస్టల్లనే. కరీంనగర్ల."

"ఏడ్వడా?"

"మొదట్ల ఏడ్చిండు. తర్వాత అలవాటైంది."

"ఎన్ని దినాలకు?"

"నెలకు."

"నాకు ఎనిమిది నెలలాయె సార్," అంది పిల్ల. ఆయన టికెట్లు మడిచి జేబులో పెట్టుకుంటుంటే, "గంతే, కొందరికి జర లేటైతదేమో," అని తనే సర్దిచెప్పుకుంది.

గేటు దగ్గర రిజిస్టర్‌లో సంతకం పెట్టి, సంచి భుజానికేసుకుని లోపలికి నడిచింది. నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగింది. "పోతున్న సార్," అని నవ్వబోయింది. నవ్వు సరిగ్గా రాలేదు.

ప్రిన్సిపాల్ ఊపిరి పీల్చుకుంది. "మీరు పోతే ఎవరైనా తిరిగొస్తరు సార్. వచ్చే వారం పోచంపాడ్‌ల ఇంకో పిల్ల ఉంది. అక్కడికి గూడ మీరే పోవాలె."

"పోతా మేడం," అన్నాడు రాజేశ్వర్.

పెర్కిట్‌లో ఇల్లు చేరేసరికి పొద్దు గూకుతోంది. భార్య యమున తలుపు తీసింది.

"పిల్ల వచ్చిందా?"

"వచ్చింది."

"ఏం చెప్పి ఒప్పిచ్చిన్రు?"

ఆయన చెప్పులు విడిచి, చప్పుడు కాకుండా లోపలి గది తలుపు నెట్టాడు.

పొద్దున హాస్టల్ మాన్పించి తెచ్చుకున్న కొడుకు ఇంకా నిద్రపోతున్నాడు.