తాళం వేసిన మందుల పెట్టె

భద్రాచలంలో, తండాలకు మందులిచ్చే స్వచ్ఛంద సంస్థ ఆఫీసులో ద్వాలి మీద విచారణ జరుగుతోంది. అధ్యక్షుడు రాందాస్, ఇద్దరు సభ్యులు కుర్చీల్లో ఉన్నారు. ద్వాలిని కూర్చోమని ఎవరికీ తోచలేదు.

చండ్రుగొండ దగ్గరి తండాలో ఆమె ఆరోగ్య కార్యకర్త. పోయిన నెల, ఆమె తండాలో లేని రోజున, వాంతులు విరేచనాలతో ఒక పిల్లవాడు చనిపోయాడు. మందుల పెట్టెకు తాళం వేసి ఉంది. తాళంచెవి ద్వాలి వెంట వెళ్లిపోయింది. సంస్థ సొత్తు కదా అని పెట్టె పగలగొట్టడానికి అందరూ జంకారు. తాళంచెవి మరొకరికి ఇవ్వకూడదన్న రూలు కూడా సంస్థదే.

రిపోర్టు ఒక్క పేజీ. అందులో పిల్లవాడి వయసు ఉంది, రెండేళ్లు. పేరు లేదు, తల్లిదండ్రుల పేర్లూ లేవు. రాసినవాడు అడగనే లేదు కాబోలు.

"ఆ రోజు ఎక్కడికి పోయినవమ్మా?" అన్నాడు రాందాస్.

"ఈడికే సారు. బయటి దేశపోళ్లు వస్తున్నరు, పాట పాడాలె, రెండు రోజులుండాలె అని మీరే చీటీ పంపిన్రు."

అద్దాల రవికతో ముందు వరసలో నిలబడి పాడింది ఈమేనని రాందాస్‌కు అప్పుడు గుర్తొచ్చింది.

ఉద్యోగం తీసేసినా ఫరవాలేదు, పిలిపించింది సంస్థేనని మినిట్స్ పుస్తకంలో రాస్తే చాలు అంది ద్వాలి. అలా రాస్తే విదేశీ దాతల దగ్గర చెడ్డపేరు వస్తుందని, వచ్చే ఏడు ఏ తండాకూ మందులే రావని సభ్యులు నచ్చజెప్పారు.

రాందాస్ చెడ్డవాడేమీ కాదు. నిజంగానే బాధపడ్డాడు.

"ఆ పిల్లగాని తల్లి నిన్నేమన్న అంటున్నదా?" అని మెల్లగా అడిగాడు.

"రోజూ అంటది సారు. నిద్ర పోనియ్యది."

ఆయన నిట్టూర్చి, ఒక తెల్లకాగితం తీసుకుని తనే రాశాడు: 'నా బిడ్డ చావు విషయంలో సంస్థ మీద నాకు ఫిర్యాదు లేదు.'

"దీని మీద ఆ తల్లితోని సంతకం పెట్టించుకొని రా. ఇగ నిన్నెవరూ ఏమనరు" అన్నాడు.

ద్వాలి దాన్ని నెమ్మదిగా, రెండుసార్లు చదువుకుంది. ఆయన పెన్ను అడిగి తీసుకుని బల్ల మీదికి వంగింది.

'లేదు' కొట్టేసి 'ఉంది' అని రాసి, కింద తల్లి సంతకం ఉండాల్సిన చోట 'ద్వాలి, పిల్లగాని తల్లి' అని రాసింది.