కొక్కేనికి వేలాడే భోజనం

"నోట్లో ముద్ద పెట్టి నెలలైంది. నా కాలేయానికి కొవ్వెక్కడిదమ్మా?" అని నవ్వింది ఆమె.

"నరంలోకి ఎక్కించే ఆహారంతో ఒక్కోసారి అలా పడుతుందండీ. డాక్టరుగారు మోతాదు మారుస్తారులెండి," అంటూ నర్సు పాలలాంటి సంచిని కొక్కేనికి తగిలించింది.

అంతే, మంచం పక్కన కూర్చున్న భర్త ఎప్పటిలాగే బయటికి జారుకున్నాడు. తన రోగంతో విసిగిపోయాడనే ఇన్నాళ్లూ అనుకుందామె.

నర్సు వెళ్తూ తలుపు వెయ్యడం మరిచిపోయింది. వరండాలో ఆయన గోడవైపు తిరిగి, చప్పుడు కాకుండా టిఫిన్ డబ్బా మూత తీస్తున్నాడు.

"ఏమండీ, లోపలికొచ్చి తినండి."

ఆయన దొంగలా ఉలిక్కిపడ్డాడు. "నీ ఎదురుగానా? నాకు ముద్ద దిగుతుందా?"

ఆమె సంచి వైపు చూపించింది.

"నేనూ తింటున్నాగా. రోజూ ఒక్కదాన్నే తినలేకపోతున్నానండీ."