ముప్పై దినాల గొడుగు

ఆరోకియమేరి చర్చి వదల్లే, నేను గుడి వదల్లే. అట్ట పెళ్లి చేసుకోవాలంటే రిజిస్ట్రారు ఆఫీసు బోర్డు మింద మా నోటీసు ముప్పై దినాలు ఉండాల. యాభైఅయిదులో వచ్చిన కొత్త చట్టం. ఎవురన్నా వచ్చి అడ్డం చెప్పొచ్చు.

యాడ తెలిసిందో, రెండో దినమే మా నాయన గుడియాత్తంలో మగ్గం ఆపేసి, బస్సెక్కి వేలూరు వచ్చినాడు. ఎండకి గొడుగు విప్పుకొని బోర్డు ముందర నిలబడినాడు, వచ్చేపోయేవాళ్ల మొగాలు చూస్తా. మర్నాడూ అంతే. నాతో మాత్రం మాట్లాడలే.

"మీ నాయన మనసులో ఏదో పెట్టుకున్నాడు," అనింది మేరి. "ఆఖరి దినం అడ్డం చెప్తాడు, చూడు."

నాకూ అదే అనుమానం. ఈ పెళ్లి గిట్టని మా మేనమామలే పంపించినారనుకున్నా.

ముప్పయ్యో దినం ఆఫీసు మూసేదాకా ఎవురూ అడ్డం చెప్పలే. నాయన గొడుగు ముడిచినాడు. ఉండబట్టలేక పోయి అడిగినా.

"దినమూ ఈడెందుకు నిలబడినావు నాయనా?"

"మీ మామలు చదువుకున్నోళ్లు. మీ పేర్లు చూస్తే ఊరుకుంటారా?"

"దానికి గొడుగుతో బోర్డంతా మూసేయాల్నా?"

"మన కాయితం యాదో నాకు తెలిస్తే గదప్పా."