చివరింటికి బొట్టు

ఆగస్టు 8, శుక్రవారం. వాకిలి కడిగాను, పూర్ణాలు వండాను, వాయనాలకు శనగలు నానబెట్టాను. వరలక్ష్మీ వ్రతం పూజ అయింది. ఇక పేరంటానికి పిలవాలి. ముత్తుకూరులో మా వీధి ఆడవాళ్ళు గడప దగ్గరికి వెళ్ళి బొట్టు పెట్టి పిలవకపోతే రారు.

అన్ని ఇళ్ళూ అయ్యాక చివరింటి వైపు నడిచాను. పోర్టు పనికి ఒరిస్సా నుంచి వచ్చిన వాళ్ళు అందులో అద్దెకుంటున్నారు. అరుగు మీద నుంచి వెంకటశేషమ్మ కేకేసింది.

“ఆడికి పోబాకమ్మే! పొదుపు సంఘం లీడరువైతే మాత్రం, ఊరూ పేరూ తెలీనోళ్ళని మాలో కలుపుతావా?”

“పేరు మమత. వచ్చి ఏడాదైంది. నువ్వు అడిగితే గదక్కా తెలిసేది!”

“అట్నా! అయితే ఆమెతోనే చేసుకో పేరంటం. నీ ఇంటికి ఎవురొస్తారో నేనూ చూస్తా.”

తలుపు తీసిన మమత నన్ను చూడగానే లోపలికి పరుగెత్తి తాళంచెవి తెచ్చింది. “ఖాళీ చేస్తాం అక్కా. పాపకు జ్వరం. రెండు రోజులు ఆగండి.”

లీడరమ్మ వస్తే ఇల్లు ఖాళీ చేయించడానికేనని ఆమెను ఎవరో బెదిరించి ఉంచారు. “సాయంత్రం పేరంటానికి రా” అని బొట్టు పెట్టాను.

సాయంత్రం ఎవరూ రాలేదు. దీపాలు పెట్టాక, పాపను భుజాన వేసుకుని మమత ఒక్కతే వచ్చింది. ఖాళీ చాపలు చూసి గుమ్మంలోనే ఆగింది.

“నన్ను పిలిచారని రాలేదా అక్కా? నేను వెళ్ళిపోతా.”

ముత్తైదువకు వాయనం ఇవ్వనిదే వ్రతం చెల్లదు.

“నువ్వు గూడా పోతే నా వ్రతం ఏంగావాల? కూర్చో” అన్నాను.

ఆమె కొంగు పట్టింది. శనగలు పోశాను. అమ్మవారికి ఈ ఏటి బాకీ తీరింది.